పాపకి మీరేమవుతారు?

నేను గుడివాడ నుంచి రోజూ బందరు వెళ్ళి వచ్చే నర్సుని. బోర్డుల మీద మచిలీపట్నం అని రాసి ఉంటుంది గానీ మా వైపు ఎవరి నోటా ఆ పేరు రాదు. అక్కడొక ఆసుపత్రిలో పిల్లల వార్డులో చేరిన మొదటి వారంలోనే మా సీనియర్ సిస్టర్ నాకొక సులువు నేర్పింది.

"పిల్లల పేర్లే గుర్తుండవు, ఇక వాళ్ళ తల్లుల పేర్లేం గుర్తుంటాయి! మంచం నంబరు చెప్పి చివర అమ్మా అని తగిలించు. 'ఏడో నంబరు అమ్మా, సిరప్ పట్టావా?' అంతే. మర్యాదకి మర్యాద, పనికి పని" అంది.

నిజంగానే పని జరిగిపోయేది. కొత్తగా చదువు ముగించుకుని వచ్చిన డాక్టర్లు "మదర్ ఎక్కడ?" అనేవాళ్ళు. మా పెద్ద డాక్టరు గారు ఆడవాళ్ళందరినీ "అమ్మా" అనే పిలిచేవారు. తండ్రుల విషయంలో మాత్రం మా నోళ్ళు మనిషిని బట్టి మారేవి. ఇస్త్రీ చొక్కా వేసుకుని చేతిలో బైకు తాళాలతో వచ్చినాయన "సర్" అయ్యేవాడు. లుంగీ కట్టుకుని, చెప్పులు గుమ్మం బయటే వదిలేసి వచ్చినాయన "ఏమయ్యా" అయ్యేవాడు. అలా పిలవమని మాకెవరూ చెప్పలేదు. గుమ్మంలో మనిషి కనపడగానే నాలుక తనంతట తనే నిర్ణయించేసుకునేది. నేనూ అందుకు మినహాయింపు కాదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గానీ, అప్పట్లో దాని గురించి ఆలోచించాలనే తోచలేదు.

ఆలోచించాల్సి వచ్చింది ఒక నాలుగేళ్ళ పాప వల్ల.

వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. నాగాయలంక అవతల సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి నుంచి, రెండు బస్సులు మారి, పాపని భుజాన వేసుకుని ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. వెనకే ఒకాయన, లుంగీ మీద తెల్ల చొక్కా, చేతిలో బట్టల సంచి. పాపకి నిమ్ము చేసింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. డ్యూటీ డాక్టరు చూసి వెంటనే మంచం ఇప్పించాడు. ఏడో నంబరు మంచం.

ఆయన పాప తండ్రే. పేరు, ఊరు, వయసు చెప్పాడు. పడవ బయల్దేరే వేళకి అందుకోవాలని, మళ్ళీ నాలుగు రోజులకి గానీ ఒడ్డుకి రానని చెప్పి, పాప నుదురు తడిమి వెళ్ళిపోయాడు. "ఏమయ్యా, పాపకి ఇంతకు ముందు ఏవైనా జబ్బులున్నాయా?" అని నేను అడిగితే, "అయ్యన్నీ ఆడోళ్ళకి తెలుత్తాయండి" అని ఆవిడ వైపు చూపించాడు.

నేను కేసు షీటు తీసుకుని ఆవిడ వైపు తిరిగాను. "అమ్మా, నీ పేరు చెప్పు." చెప్పింది. తల్లి అన్న గడిలో రాసేశాను. "పాపకి ఏ మందైనా పడకపోవడం, ఒళ్ళు దద్దుర్లెక్కడం లాంటివి ఎప్పుడైనా ఉన్నాయా?" ఆవిడ కాసేపు ఆలోచించింది. తొందరపడి చెప్పిన మాట కాదది, నాకు బాగా గుర్తు. "లేవండి" అంది. లేవు అని రాశాను.

ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు ఏ వార్డులోనైనా టెస్ట్ డోస్ వేస్తారు. మందు బొట్టంత తీసుకుని ముంజేతి చర్మం కిందకి ఎక్కించి, దాని చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, పావుగంట చూస్తారు. నేనూ అలాగే చేసి పక్క మంచం దగ్గరికి వెళ్ళాను. పది నిమిషాలైనా కాలేదు, వెనక నుంచి పిలుపు.

"సిస్టరమ్మా! ఒకసారి రాండి. పాప గోక్కుంటంది."

వెళ్ళి చూస్తే నేను గీసిన సున్నా దాటి ఎరుపు పాకేసింది. మెడ మీద దద్దుర్లు లేస్తున్నాయి. పరుగున వెళ్ళి డాక్టరుని పిలిచాను. విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చారు. ఆక్సిజన్ పెట్టారు. గంటసేపు నేను ఆ మంచం దగ్గర నుంచి కదల్లేదు. దద్దుర్లు ఒక్కొక్కటే అణిగి, పాప నిద్రపోయింది.

అప్పటికి పెద్ద డాక్టరు గారు వచ్చారు. అరవై దాటినాయన, నెమ్మదిగా మాట్లాడతారు. పాప చెయ్యి పట్టుకుని చూసి, ఆవిడ వైపు తిరిగారు.

"అమ్మా, చిన్నప్పుడెప్పుడైనా ఇలా వచ్చిందా?"

"నా దగ్గరికొచ్చాక రాలేదండి."

"నీ దగ్గరికి రావడమేంటమ్మా?"

"ఏడాదిన్నర పిల్లప్పుడు నాకిచ్చెళ్ళింది గదండి మా చెల్లి. కువైట్లో ఉంటది. ఒక ఇంట్లో వంటకి."

డాక్టరు గారు నా వైపు చూశారు. నేను నా చేతిలో ఉన్న కేసు షీటు వైపు చూశాను. తల్లి అన్న చోట, నా గుండ్రటి అక్షరాల్లో, ఈవిడ పేరు.

"మరి తల్లివి కాదని ఒక్క మాట చెప్పలేదేంటి?" అన్నాను. నా గొంతులో విసుగు నాకే వినపడింది. భయం పోయాక వచ్చే విసుగు అది.

ఆవిడ నా వంక వింతగా చూసింది. కోపం లేదు, బెదురూ లేదు. "మీరు అడగలేదుగా అమ్మా!" అంది. "అమ్మా, ఇలా కూర్చో అన్నారు. కూర్చున్నాను. అమ్మా, పేరు చెప్పు అన్నారు. చెప్పాను. చీపురు పట్టుకుని వచ్చినావిడని కూడా అమ్మా, ఆ మూల ఊడువు అనే అన్నారు మీరు. పాపనీ అమ్మా, నోరు తెరువు అన్నారు. నన్ను పిల్ల తల్లి అనుకుని పిలుత్తన్నారని నాకెలా తెలుత్తది?"

పెద్ద డాక్టరు గారు నవ్వలేదు గానీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పన్నెండేళ్ళుగా రోజుకి వందసార్లు అంటున్న మాట అది. దానికి ఇన్ని అర్థాలున్నాయనీ, అవతలి మనిషి అందులోంచి తనకి అందిన అర్థమే తీసుకుంటుందనీ నాకెప్పుడూ తట్టలేదు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. నేను ప్రశ్న అడగకుండానే జవాబు రాసుకున్నాను.

"చెల్లెలికి ఫోన్ కలుపుతావా?" అన్నారు డాక్టరు గారు.

ఆవిడ రవికెలోంచి ఫోన్ తీసి వీడియో కాల్ చేసింది. రెండోసారికి ఎత్తింది చెల్లెలు. వెనక నిలువెత్తు ఫ్రిజ్‌లు, తెల్లటి గోడలు. తల మీద గుడ్డ కట్టుకుని ఉంది. పాప ముక్కుకి ఆక్సిజన్ గొట్టం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు గారు ఫోన్ అందుకుని, "భయపడకమ్మా, పాప బాగానే ఉంది" అన్నారు.

"ఆఁ, అండి" అన్నారు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్కసారే. ఒకరు ఫోన్లోంచి, ఒకరు మంచం పక్క నుంచి.

డాక్టరు గారు ఆగిపోయారు. ముప్పై ఏళ్ళుగా ఏ తల్లితో మాట్లాడినా ఆయనకి ఆ ఒక్క మాట సరిపోయింది. ఇప్పుడు ఒకే మాటకి రెండు ముఖాలు జవాబు చెబుతున్నాయి. ఈ గొడవకి పాప లేచింది. ఆయన మంచం మీదకి వంగి, "ఏమే, నువ్వు వీళ్ళనేమని పిలుస్తావు?" అని అడిగారు.

పాప నీరసంగా పెద్దమ్మ కొంగు పట్టుకుంది. "అమ్మ" అంది. తర్వాత ఫోన్ వైపు వేలు చూపించి, "ఫోన్లో మమ్మీ" అంది.

"మంచిది" అన్నారు డాక్టరు గారు, ఏదో పెద్ద చిక్కు తీరిపోయినట్టు. ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని, ఎంతో గంభీరంగా, "మమ్మీ గారూ, పాపకి చిన్నతనంలో ఏదైనా ఇంజెక్షన్ పడలేదా?" అని అడిగారు. వార్డులో అందరూ తలలు తిప్పి చూశారు.

పడలేదట. ఎనిమిది నెలల పిల్లప్పుడు జ్వరానికి ఏదో ఇంజెక్షన్ చేయిస్తే ఒళ్ళంతా ఎర్రబడిందట. ఇంకెప్పుడూ ఈ మందు వాడొద్దని డాక్టరు రాసిచ్చిన చీటీ ఉందట. "ఇనప్పెట్టెలో చీరల కింద దాచానండి. మా ఆయన అప్పుడు సముద్రం మీద ఉన్నాడు. అక్కకి చెప్పాలని గుర్తుకు రాలేదండి. వెళ్ళే తొందర్లో పిల్లకి ఏం ఇష్టమో, ఏ పాట పాడితే పడుకుంటదో అన్నీ చెప్పాను, ఇది చెప్పలేదు" అని ఏడ్చింది. అక్క ఫోన్ లాక్కుని, "ఊరుకోవే, అవతల మీ మేడం చూసుద్ది" అని కసిరింది. ఆ కసురులో ఎంత ప్రేమ ఉందో చెప్పలేను.

మందు మార్చారు. మూడో రోజుకి పాప లేచి కూర్చుంది. అయిదో రోజుకి నా పెన్ను అడిగి తీసుకుని తన రెండు చేతుల మీదా సున్నాలు చుట్టుకుంది.

ఆ వారం రోజులూ కువైట్ నుంచి నాకు కూడా ఫోన్లు వచ్చేవి. అక్క ఫోన్లో ఛార్జింగ్ అయిపోతే అడగడానికని నా నంబరు తీసుకుంది. మొదటి రోజు "సిస్టరు గారండీ" అంది. మూడో రోజుకి "వదినగారూ" అయ్యాను. ఎందుకలా పిలిచిందో తెలియదు, నేనూ అడగలేదు. ఒకరోజు దగ్గు ఎలా ఉందో, అన్నం తిందో లేదో అన్నీ అడిగాక, గొంతు తగ్గించింది.

"వదినగారూ, కాగితాల్లో తల్లి దగ్గర ఎవరి పేరు రాశారండి?"

"మీ అక్క పేరు పడిపోయింది. నా పొరపాటే" అన్నాను.

"ఉంచండి పోనీ" అంది. మళ్ళీ వెంటనే, "మారిస్తే అక్కకి కష్టంగా ఉంటదేమో. మార్చకపోతే..." అని ఆగిపోయింది. మార్చకపోతే ఎవరికి కష్టమో ఇద్దరికీ తెలుసు.

డిశ్చార్జి రోజు కాగితాలు తీసుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలా అని తటపటాయిస్తుంటే ఆవిడే కాగితం మీదకి వంగి, "ఇందులో ఎక్కడ నా పేరు రాశారో చూపించండి" అంది. చూపించాను. "కొట్టేయండి. దాని పేరు రాయండి. నవమాసాలు మోసింది అది. కాగితం మీదన్నా ఉండాలి గదా" అంది.

తల్లి పేరు దిద్దాను. ఆవిడ పేరు రాయడానికి ఇంకో గడి వెతికితే, అటెండెంట్ అని ఒకటుంది. అక్కడ రాశాను.

"అదేం మాటండి?"

"అటెండెంట్. అంటే... ఆసుపత్రిలో దగ్గరుండి చూసుకునేవాళ్ళు."

"అయితే సరిపోయింది. నేను చేసేది అదేగా" అంది. ఆ మాటని అప్పటిదాకా నేను చులకనగా చూసేదాన్ని, కుర్చీ ఖాళీ చేయమనడానికి వాడే మాట అది. ఆవిడ దాన్ని చీర కొంగులా సర్దుకుని వేసుకుంది.

ఆ తర్వాత నుంచి నాకొక అలవాటు పట్టుకుంది. కొత్తగా ఎవరొచ్చినా పేరు కంటే ముందు, "పాపకి మీరేమవుతారు?" అని అడగడం. అవసరం కోసం మొదలుపెట్టాను గానీ, వచ్చే జవాబుల కోసం కొనసాగించానని ఒప్పుకోవాలి. వాళ్ళు ఏమవుతారో చెప్పాక, "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అనేదాన్ని. మా సీనియర్ సిస్టర్ నుదురు కొట్టుకుంది. "ఇక తెల్లారినట్టే మనకి!" అంది.

ఉయ్యూరు వైపు నుంచి వచ్చిన ఒక చెరకు రైతుని పాత అలవాటు చొప్పున "సర్" అన్నాను. ఆయన ఇబ్బందిపడిపోయి, "సర్ వద్దమ్మా, మా ఊళ్ళో సర్ అంటే బళ్ళో పంతులు గారే. బాబాయ్ అను చాలు" అన్నాడు. కోడూరు నుంచి మనవణ్ణి తెచ్చిన ముసలావిడైతే, "ఏమని పిలిస్తే ఏంటే తల్లీ, గట్టిగా పిలువు. నాకు వినపడదు" అంది. ఇరవై ఏళ్ళు కూడా నిండని ఒక తల్లి ఉండేది, పన్నెండు రోజుల పసిగుడ్డుతో. ఆ పిల్లని పేరుతో పిలిస్తే సంతోషిస్తుందనుకున్నాను. "పేరొద్దండి, అమ్మా అనే పిలవండి. కొత్తగా బాగుంది" అని తల దించుకుంది. నేను ఏది అనుకుంటే దానికి అడ్డంగానే వచ్చేవి జవాబులు. అందుకే నాకు ఆ ప్రశ్న విసుగు పుట్టలేదు.

ఆ మధ్య మా అబ్బాయికి జ్వరం తగ్గక గుడివాడలోనే ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాను. నర్సునని చెప్పలేదు. "మదర్, ఇలా కూర్చోండి. మదర్, బాబుని పట్టుకోండి" అంది అక్కడి అమ్మాయి, నా ముఖం వైపు చూడకుండానే. ఇదివరకైతే గమనించేదాన్ని కాదు. ఇప్పుడు ఒళ్ళు మంటెత్తుతుందేమో చూద్దామనుకున్నాను. ఎత్తలేదు. పైగా ఒక రకమైన నిశ్చింత కలిగింది. ఆ గదిలో నేను మందుల పేర్లు తెలిసిన మనిషిని కానక్కర్లేదు. బాబు తల్లిని, అంతే. తల్లిగా భయపడొచ్చు. ఆ పిలుపు నాకు భయపడే హక్కు ఇచ్చినట్టనిపించింది. మరి ఎవరికి ఎప్పుడు ఏ పిలుపు కావాలో ముందుగా తెలుసుకునే దారి ఏముంది? అడగడం తప్ప నాకింకోటి కనపడలేదు.

మరుసటి వేసవిలో ఒకరోజు, ఓపీలో చీటీలు పిలుస్తున్నాను. బల్ల మీద ఆ పాప. కాస్త పొడుగైంది. పక్కన పెద్దమ్మ. వాళ్ళకి కొంచెం ఎడంగా, కొత్త చీరలో, ఫోన్లో తప్ప నేనెప్పుడూ చూడని మనిషి. రెండు నెలల సెలవు మీద వచ్చిందట. పాపకి మళ్ళీ దగ్గు పట్టుకుంటే తనే చూపిస్తానని పట్టుబట్టి తీసుకొచ్చింది.

నన్ను చూడగానే గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది. పక్కకి తీసుకెళ్ళి చాలా చిన్నగా, "వదినగారూ, లోపలికి పిలిచేటప్పుడు నన్ను పాప వాళ్ళమ్మా అని పిలుత్తారా? పాప వినేలా పిలవండి" అంది. "పది రోజులైంది వచ్చి. ఇంకా దగ్గరికి రావట్లేదు. ఎవరో ఒకరు బయటివాళ్ళు అంటే నమ్ముద్దేమో."

ఒక పిలుపుతో ఇంత పని జరుగుతుందా అని నాకు అనుమానమే. కానీ ఆ చెయ్యి నా చెయ్యిని వదల్లేదు. బల్ల వైపు చూశాను. పెద్దమ్మ మమ్మల్నే చూస్తోంది. చెల్లెలు ఏం అడిగిందో వినకపోయినా తెలిసిపోయినట్టుంది. గడ్డం కాస్త పైకెత్తి, పిలవండి అన్నట్టు తలాడించింది.

వాళ్ళ వంతు వచ్చింది. గొంతు సవరించుకున్నాను. "పాప వాళ్ళమ్మగారూ! లోపలికి రండి."

పాప తల పైకెత్తి పెద్దమ్మని చూసింది. ఆవిడ కదల్లేదు. సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు వంగింది. చెల్లెలు లేచి, పాపని ఎత్తుకుని లోపలికి నడిచింది. పాప ఏడవలేదు గానీ, తలుపు మూసుకునే దాకా వెనక్కే చూస్తూ వెళ్ళింది.

నేనూ వాళ్ళ వెంటే లోపలికి వెళ్ళాను. డాక్టరు గారు అడిగిన వాటికి చెల్లెలు తడుముకోకుండా జవాబు చెప్పింది. పుట్టినప్పుడు ఎంత బరువుందో, ఏ మందు పడదో, అన్నీ. ఇనప్పెట్టెలోని చీటీ కూడా తెచ్చి బల్ల మీద పెట్టింది. "సరే. ఇప్పుడు దగ్గు పడుకున్నాక ఎక్కువా, ఆడుకున్నాక ఎక్కువా?" అని అడిగారు ఆయన.

అది చెల్లెలికి తెలియదు. ఆ పది రోజులూ పాప పెద్దమ్మ పక్కలోనే పడుకుంటోంది. ఒక్క క్షణం పాప ముఖంలోకి చూసింది. తర్వాత తలుపు వైపు తిరిగి, నేను పిలిచిన దానికంటే గట్టిగా కేక వేసింది.

"అక్కా! ఒకసారి లోపలికి రావే."

ఆ దగ్గు నాలుగు రోజుల్లో తగ్గింది. సెలవు అయిపోయి చెల్లెలు కువైట్ వెళ్ళింది. ఇంకో రెండేళ్ళు చేసి వచ్చేస్తానందట.

ఈ మధ్య పెద్దమ్మ పాపకి టీకా కార్డు నకలు కావాలని వార్డుకి వచ్చింది. బడిలో అడిగారట. కుశల ప్రశ్నలయ్యాక, "ఇప్పుడు ఫోన్లో దాన్ని అమ్మా అంటందండి పాప" అని చెప్పింది. "నేనే నేర్పాను. నన్నేమో పెద్దమ్మా అంటంది."

"మరి మీకెలా ఉంది?" అన్నాను.

నేను మొదటిరోజు అడిగిన ప్రశ్నకి ఆలోచించినట్టే నిజం కోసం వెతుక్కుంది. "పెద్దమ్మా అని పిలిచినప్పుడు ఒక్కోసారి వెంటనే పలకట్లేదండి నేను. ఎవర్నో అనుకుంటన్నాను. అది వచ్చి కొంగు లాగుద్ది. అప్పుడు తెలుత్తది" అని నవ్వింది.

నకలు తీసుకుని, మడిచి రవికెలో పెట్టుకుని, నాగాయలంక బస్సు ఎన్నింటికో కనుక్కుని వెళ్ళింది.